పురచేతి వాటం: జపాన్‌లో ఆరు రోజులు

తెనాలి వచ్చి నాలుగు రోజులైంది. ఒంటికి ఇంకా జపాన్ టైమే. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. ఎవరినీ లేపకుండా వరండాలో లైటు వేసుకుని రాసుకున్నవి ఇవి.

ముప్ఫై ఏళ్లు హైస్కూళ్లలో డ్రిల్లు మాస్టారుగా పనిచేశాను. పిల్లలకి సాఫ్ట్‌బాల్ నేర్పించే రోజుల్లో ఒక పత్రికలో ఫొటో కత్తిరించి బీరువా తలుపుకి లోపలివైపు అంటించుకున్నాను. బ్యాట్ ఎత్తి, కుడికాలు మడిచి, కొంగలా ఎడమకాలి మీద నిలబడ్డ మనిషి. పేరు సదహారు ఓ. జపాన్ బేస్‌బాల్ లీగులో 868 హోమ్ రన్లు (మన క్రికెట్ సిక్సర్ల లాంటివి) కొట్టినవాడు. అతని గురించి చదవబోతే, యుద్ధంలో ఓడిపోయి బూడిదైన జపాన్‌కి మళ్లీ కాస్త సంతోషాన్నిచ్చిన ఇంకొంతమంది పరిచయమయ్యారు. ఒక పాటగత్తె, ఒక మల్లయోధుడు, నలుగురైదుగురు బేస్‌బాల్ ఆటగాళ్లు. వీళ్లలో చాలామంది ఆ దేశం మొదట తనవాళ్లు అనుకోని ఇళ్లలో పుట్టినవాళ్లే. ఆ సంగతి నన్ను ఏళ్ల తరబడి వదల్లేదు.

మా మేనల్లుడు కవాసాకిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. "మామయ్యా, ముందు ఫుజి కొండకి వెళ్దాం" అన్నాడు. "కొండ ఎక్కడికీ పోదురా, నాకు వీళ్లు తిరిగిన వీధులు చూపించు" అన్నాను. పాపం, సెలవు పెట్టుకుని మరీ తిప్పాడు.

మొదటి రోజు, యొకొహామా

సకురగిచో స్టేషన్‌లో తప్పు వైపు బయటికొచ్చాం. ఎదురుగా సముద్రం, అద్దాల మేడలు, జెయింట్ వీల్. అరగంట నడిచాక ఒక పోలీసాయన్ని అడిగితే, మాకు అర్థం కాలేదని గ్రహించి, స్టేషన్ దాకా వెనక్కి మాతో నడిచొచ్చి సొరంగదారి చూపించి నమస్కారం పెట్టి వెళ్లాడు. ఆ దారి అవతల తేలితే వేరే ఊరే. అదే నోగే. ఇరుకు సందులు, ఎర్ర కాగితపు లాంతర్లు, బొగ్గుల మీద కాలుతున్న కోడిమాంసం వాసన.

అక్కడ ఒక భవనం ముందు పన్నెండేళ్ల పిల్ల కంచు విగ్రహం ఉంది. తోకకోటు, తలమీద పొడుగాటి సిల్కు టోపీ. నేను చెప్పిన పాటగత్తె, మిసోరా హిబారి. 1949లో ఆ వేషంతోనే సినిమాలో పాడి దేశమంతా తెలిసిపోయింది. ఇక్కడికి దగ్గర్లోనే ఇసొగోలో వాళ్ల నాన్నకి చేపల కొట్టు ఉండేది. హిబారి పుట్టింది 1937 మే 29న. సరిగ్గా ఎనిమిదో పుట్టినరోజు నాడు, 1945 మే 29న, అమెరికా విమానాలు యొకొహామాని తగలబెట్టాయి. యుద్ధం అయిపోయాక ఆ పిల్ల రేడియో పాటల పోటీకి వెళ్లింది. పాడటం అయిపోయినా తీర్పు చెప్పే గంట మోగలేదట. పెద్దవాళ్ల పాట చిన్నపిల్ల పాడటం పద్ధతి కాదని జడ్జీలు ఏమీ తేల్చకుండా వదిలేశారు. పిల్లని స్టేజీ మీద అలా నిలబెట్టేయడం నాకు చాలా కష్టంగా అనిపించింది. స్కూల్ వార్షికోత్సవాల్లో మైకు ముందు బిక్కచచ్చిపోయిన పిల్లల్ని ఎంతమందిని చూశానో!

ఎనిమిది మంది పట్టే కొట్లో భోజనం. కూర్చోగానే అడక్కుండానే ఒక చిన్న గిన్నె పెట్టారు, ఉడకబెట్టిన ముల్లంగి. ఒతోషి అంటారట. మనకి ఇష్టమైనా కాకపోయినా బిల్లులో 400 యెన్లు పడుతుంది. అది ఆ సీటుకి అద్దె అనుకోవాలి. ఇద్దరికీ మొత్తం 4,200 యెన్లు, మన లెక్కలో రెండున్నర వేలు. కొట్టు నడిపే ఆవిడకి డెబ్భై దాటి ఉంటాయి. మావాడు హిబారి పేరెత్తగానే చేతిలో పుల్లలు పక్కన పెట్టేసింది. వాళ్లమ్మ ఈ సందు చివరి థియేటర్లో ఆ పిల్ల పాట విన్నదట. "ఇంతే ఉండేదట" అని తన నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపించింది. ఆ చెయ్యి కాసేపు అలాగే ఉంచింది.

తిరిగొచ్చే దారిలో బేస్‌బాల్ స్టేడియం ఉన్న పార్కు చుట్టూ నడిచాం. అమెరికా సైన్యం ఈ మైదానాన్ని తీసుకుని తమ బేస్‌బాల్ ఆటగాడు లూ గెరిగ్ పేరు పెట్టుకుంది. జపాన్‌లో మొట్టమొదటి ఫ్లడ్‌లైట్ల మ్యాచ్ ఇక్కడే జరిగింది, 1948 ఆగస్టు 17న. మూడేళ్ల కిందటి దాకా విమానాలకి కనపడకుండా దీపాలు ఆర్పుకుని కూర్చున్న ఊరది.

రెండో రోజు, ఇకెగామి

గుడికి 96 రాతిమెట్లు. నా మోకాళ్లకి అవే చాలనుకుంటే, పైన శ్మశానం ఇంకో ఊరంత ఉంది. ఆ మల్లయోధుడు రికిదోజాన్ సమాధి ఎక్కడో బోర్డు ఉందన్నారు కానీ మేం చూసుకోలేదు. 1608 నాటి అయిదంతస్తుల గోపురం చుట్టూ రెండుసార్లు తిరిగాం. సమాధులు కడుగుతున్న ఒక ముసలాయన మమ్మల్ని చూసి, ఏమీ అడగకుండా రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని నిలబడ్డాడు. "ఆయనే కదా?" అన్నట్టు. మేం తలూపాం. నీళ్ల బకెట్ అక్కడే పెట్టేసి దారి చూపించాడు.

అచ్చం అలాగే చేతులు కట్టుకున్న కంచు విగ్రహం. 1954 ఫిబ్రవరిలో షార్ప్ బ్రదర్స్ అనే తెల్లవాళ్ల జంటతో ఇతను కుస్తీ పడుతుంటే, ఇళ్లలో టీవీలు లేని జనం వీధుల్లో పెట్టిన టీవీల ముందు వేలకి వేలు గుమిగూడారు. మా చిన్నప్పుడు పంచాయతీ రేడియో అరుగు చుట్టూ పెద్దవాళ్లు నిలబడటం గుర్తొచ్చింది. ఓడిపోయిన దేశం, తన ముందు తెల్ల మల్లులు కిందపడటం చూసి ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరిచ్చినవాడు పుట్టింది మాత్రం కొరియాలో. ఇప్పుడది ఉత్తర కొరియా. జనానికి చెప్పింది నాగసాకి జిల్లా మనిషని. సుమోలో ఉన్నప్పుడూ, కుస్తీలో ఉన్నప్పుడూ ఆ మాట దాచుకునే బతికాడు. సమాధి మీద ఉన్నది కూడా జపాన్ ఇంటిపేరే, మొమోతా. 1963 డిసెంబర్‌లో నైట్‌క్లబ్బులో కత్తిపోటు తగిలింది. వారం తర్వాత పోయాడు. ముప్ఫై తొమ్మిదేళ్లు.

పిలిచినంతసేపూ లక్షలమంది పిలిచే పేరు, ఒక్కరు కూడా పిలవకూడని పేరు, రెండూ ఒక మనిషి ఎలా మోశాడా అని అక్కడే చాలాసేపు నిలబడ్డాను. ముసలాయన వెళ్లిపోలేదు. నేను చెప్పులు విడిచి దండం పెట్టడం చూసి తనూ తలవంచాడు.

కింద కొట్లో కుజుమోచి తిన్నాం. జున్నుముక్కల్లా వణుకుతూ ఉంటాయి. మీద వేయించిన సోయా పిండి, నల్లటి బెల్లం పాకం. ఆ పాకం రుచి నన్ను నేరుగా మా అమ్మమ్మ వంటింట్లోకి తీసుకుపోయింది. 700 యెన్ల లోపే.

మూడో రోజు, తోక్యో డోమ్

డోమ్ అంటే పైకప్పున్న బేస్‌బాల్ స్టేడియం. దాని పక్కన, జనం పెద్దగా ఆగని చోట ఒక నల్లటి రాయి ఉంది. యుద్ధంలో చనిపోయిన ప్రొఫెషనల్ ఆటగాళ్ల పేర్లు చెక్కారు. 1981లో పెట్టిన రాయి. అందులో ఎయిజి సవామురా పేరు వెతుక్కున్నాం. 1934లో పదిహేడేళ్ల వయసులో అమెరికా మేటి ఆటగాళ్లు బేబ్ రూత్‌నీ, గెరిగ్‌నీ ఔట్ చేసిన పిల్లాడు. మూడుసార్లు సైన్యంలోకి పిలిచారు. చేతిబాంబులు విసిరి విసిరి భుజం పాడైపోయింది. 1944 డిసెంబర్‌లో ఎక్కిన ఓడ మునిగిపోయింది. ముప్ఫై ఏళ్లు పిల్లల భుజాలు చూసిన మనిషిగా చెబుతున్నాను: ఆ వయసు భుజంతో బంతికి మూడు నాలుగు రెట్లు బరువున్నదాన్ని విసిరించడమంటే ఆ చేతిని నరికేసినట్టే. ఇప్పుడు మేటి పిచర్‌కి, అంటే బంతి విసిరేవాడికి, ఇచ్చే అవార్డుకి అతని పేరే పెట్టారు.

లోపల బేస్‌బాల్ మ్యూజియం. టికెట్ వెయ్యి యెన్లలోపే. అది చూడకుండా డోమ్ ఒక్కటే చూసి వెళ్లకండి. గోడ నిండా కంచు ఫలకాల మీద ముఖాలు. రష్యాలో పుట్టి ఇక్కడ పెరిగిన స్టార్ఫిన్ ముఖం కూడా ఉంది. యుద్ధకాలంలో ఆ పేరు పనికిరాదని అతన్ని సుదా అని పిలిపించుకోమన్నారు. ఆటలో ఇంగ్లీషు మాటలన్నీ తీసేశారు, "స్ట్రైక్" అనడం కూడా తప్పే. యుద్ధం పోయాక జపాన్‌లో 300 మ్యాచులు గెలిచిన మొదటి పిచర్ అతనే.

సాయంత్రం డోమ్ బయట మెట్ల మీద కూర్చున్నాం. 1988 మార్చిలో ఈ డోమ్ తెరిస్తే, ఏప్రిల్ 11న హిబారి ఇందులో పాడింది. అప్పటికి తల్లి పోయింది, ఇద్దరు తమ్ముళ్లూ పోయారు. ముందు ఏడాది నెలల తరబడి ఆస్పత్రి మంచం. స్టేజీ వెనక అంబులెన్సు సిద్ధంగా పెట్టుకుని 40 దాకా పాటలు పాడి, చివర్లో వంద మీటర్ల దారి చెయ్యి ఊపుతూ ఒంటరిగా నడిచింది. మరుసటి ఏడాది జూన్‌లో పోయింది, యాభై రెండేళ్లకే. నేను డోమ్ చుట్టుకొలతలో వంద మీటర్లు అడుగులతో కొలిచి నడిచి చూశాను. ఆరోగ్యంగా ఉన్న నాకే అది చిన్న దూరం అనిపించలేదు.

నాలుగో రోజు, అసాకుసా

పబ్లిక్ హాల్ ముందు నేలమీద కళాకారుల అరచేతుల అచ్చులు ఉన్నాయి. హిబారి అచ్చు దగ్గర వంగి నా చెయ్యి ఆనించాను. నా వేళ్లు అచ్చు దాటి బయటికొచ్చాయి. అంత చిన్న చెయ్యి. వెనక నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లు తొందరపెట్టకుండా ఆగి, నేను లేచాక వాళ్లూ ఒకరి తర్వాత ఒకరు అలాగే చెయ్యి పెట్టి చూసుకున్నారు.

ఇక్కడికి కొంచెం దూరంలోనే, ఇప్పుడు పెద్ద హోటల్ ఉన్నచోట కొకుసాయ్ థియేటర్ ఉండేది. 1957 జనవరిలో అక్కడ ఒక అభిమాని హిబారి ముఖం మీద యాసిడ్ పోసింది. ఇద్దరిదీ ఒకే వయసు, పంతొమ్మిది. అదృష్టం బాగుండి మచ్చలు మిగల్లేదు. మన దగ్గరా యాసిడ్ వార్తలు చదివి చదివి ఉన్నాం కదా, ఆ హోటల్ ముందు నిలబడితే ఒళ్లు జలదరించింది.

మధ్యాహ్నం సుమిదా నది ఒడ్డున పార్కులోని మైదానానికి వెళ్లాను. నాకోసమే వెళ్లిన చోటు ఇది. 1954లో ఒకరోజు హిరోషి అరకావా అనే ఆటగాడు ఇక్కడ నడుస్తూ పిల్లల ఆట చూశాడు. ఒక పిల్లాడు బంతి ఎడమచేత్తో విసురుతున్నాడు, బ్యాటింగ్ మాత్రం కుడివైపు నిలబడి చేస్తున్నాడు. "నువ్వు పురచేతివాడివి కదా, అటువైపు నిలబడి కొట్టు" అన్నట్టు చెప్పాడట. ఆ పిల్లాడే సదహారు. చైనా నుంచి వచ్చిన తండ్రి ఈ పక్కపేటలోనే నూడుల్స్ కొట్టు పెట్టుకున్నాడు.

మన ఇళ్లలో ఎడమచేత్తో రాస్తే, అన్నం తింటే వేళ్ల మీద కొట్టేవాళ్లు. అలా చెయ్యి మార్చుకున్న పిల్లలు నా జట్టుల్లో ఏడాదికొకరైనా ఉండేవాళ్లు. వాళ్లని గ్రౌండ్‌లో అయినా వాళ్ల వాటానికి వదిలేయాలని నేను నేర్చుకున్నది ఈ కథ వల్లే.

ఆ తర్వాత కథంతా సాఫీగా ఏమీ సాగలేదు. 1957 వసంతంలో కోషియెన్‌లో, అంటే దేశంలోని హైస్కూళ్ల బేస్‌బాల్ పోటీలో, స్కూల్‌ని గెలిపించినవాడిని, అదే ఏడాది జాతీయ క్రీడల్లో ఆడనివ్వలేదు, జపాన్ పౌరుడు కాదని. 1959లో జెయింట్స్ జట్టులో చేరాక మొదటి 26 బ్యాటింగుల్లో ఒక్క హిట్ లేదు. ఇంటిపేరు "ఓ" అంటే రాజు. జనం "స్ట్రైకౌట్ల రాజు" అని అరిచేవాళ్లు. అప్పుడు జెయింట్స్‌కి కోచ్‌గా వచ్చింది ఎవరనుకున్నారు? అదే అరకావా. కాలు ఎత్తించింది, వేలాడే కాగితాన్ని కత్తితో కోయించి సాధన చేయించింది ఆయనే. 1977 సెప్టెంబర్ 3న 756వ హోమ్ రన్‌తో అమెరికా ఆటగాడు హాంక్ ఆరన్ లెక్క దాటితే, జపాన్ ప్రభుత్వం జాతీయ గౌరవ పురస్కారం అని కొత్తగా పెట్టి మొట్టమొదట అతనికే ఇచ్చింది. పౌరసత్వం మాత్రం తండ్రిదే ఉంచుకున్నాడు. ఆ పట్టుదల అంటే నాకు 868 కంటే ఎక్కువ గౌరవం.

మైదానంలో పిల్లలెవరూ లేరు, పెద్దవాళ్ల మ్యాచ్ ఏదో జరుగుతోంది. వలకి అవతల నిలబడి గంటసేపు చూశాను. రాత్రి రామెన్, 950 యెన్లు. పక్కన కూర్చున్న ఆఫీసు ఉద్యోగులు ఎవరూ మాట్లాడకుండా పెద్ద చప్పుడుతో జుర్రుకుని ఏడు నిమిషాల్లో లేచిపోయారు. తిన్నాక ఖాళీ గిన్నె తీసి ఎత్తుగా ఉన్న అరుగు మీద పెట్టి, తడిగుడ్డతో తమ చోటు తుడిచి వెళ్లారు. మేమూ అలాగే చేశాం.

అయిదో రోజు, హిరోషిమా

అణుబాంబు పడ్డ చోట మిగిలిన డోమ్ అనే గుమ్మటం భవనం గురించి ఇక్కడ రాయను. దాని ముందు నిలబడితే మాటలు రాలేదు, ఇప్పుడూ రావడం లేదు. కానీ ట్రామ్ రోడ్డు దాటి అవతలికి చూశాను. 1957 నుంచి ఊరి బేస్‌బాల్ స్టేడియం అక్కడే ఉండేది. ఇప్పుడు పచ్చిక, కాఫీ కొట్లు. గుర్తుకోసం పాత గ్యాలరీలో ఒక ముక్క మాత్రం ఉంచారు. అంటే పాతికేళ్లు, యాభై ఏళ్లు, ఈ ఊరి జనం మ్యాచ్ చూసి బయటికొస్తే ఎదురుగా కనపడింది ఆ డోమే.

ఈ ఊరి కార్ప్ జట్టు 1950లో ఆడటం మొదలుపెట్టింది. వెనక పెద్ద కంపెనీ ఏదీ లేదు. జీతాలకి డబ్బుల్లేక 1951లో జట్టు మూతపడే పరిస్థితి వస్తే, మైదానం గేటు దగ్గర సాకే (బియ్యపు సారా) పీపాలు పెట్టారు. గుడి హుండీలో వేసినట్టు జనం చిల్లర వేసి వెళ్లేవాళ్లు. వాళ్ల ఇళ్లకి పైకప్పులు కూడా సరిగ్గా లేని రోజులవి. ఏళ్ల తరబడి అడుగునే ఉన్న ఆ జట్టు 1975లో మొదటిసారి లీగ్ గెలిచింది. బాంబు పడ్డ ముప్ఫై ఏళ్లకి.

సాయంత్రం కొత్త స్టేడియంలో మ్యాచ్. ఊరంతా ఎర్రచొక్కాలే. బ్యాండ్ వాయిస్తుంటే ఒక వరస లేస్తే పక్క వరస కూర్చుంటుంది, మళ్లీ తిరగబడుతుంది. నేను నేర్పిన గుంజీలకంటే ఎక్కువే తీశారు. వీపున బీర్ ట్యాంకు మోస్తూ అమ్మాయిలు మెట్లు ఎక్కి దిగుతారు, ప్రతి గ్లాసుకీ మోకాలి మీద కూర్చుని పోస్తారు. కార్ప్ ఉడాన్ నూడుల్స్ తిన్నాం, వెయ్యి నోటిస్తే చిల్లర వచ్చింది. మా పక్కన కూర్చున్న పెద్దాయన చొక్కా వెనక కినుగసా పేరు. మావాడి చేత నేను ఆ పేరు చదివించుకున్నానని తెలియగానే ఆయన మొత్తం మా వైపు తిరిగిపోయాడు.

సచియో కినుగసా. 1947లో క్యోతోలో పుట్టాడు. తండ్రి నల్లజాతి అమెరికా సైనికుడు. అలాంటి పిల్లల్ని ఆ రోజుల్లో ఎలా చూసేవాళ్లో చెప్పక్కర్లేదు. 1970 నుంచి 1987 దాకా ఒక్క మ్యాచ్ కూడా మానకుండా 2,215 మ్యాచులు ఆడాడు. 1979లో బంతి తగిలి భుజం వెనక ఎముక విరిగింది. మరుసటి రోజు బ్యాట్ పట్టుకొచ్చి మూడుసార్లు బలంగా ఊపి ఔటయ్యాడు. "మొదటిది అభిమానుల కోసం, రెండోది నాకోసం, మూడోది ఆ బంతి విసిరి బాధపడుతున్న నిషిమోతో కోసం" అన్నాడు. ఆ మూడు ఊపులూ పెద్దాయన కూర్చున్నచోటే రెండు చేతులతో చేసి చూపించాడు. మూడోది చేసేటప్పుడు కళ్లు తడిశాయి. నావీ.

ఆరో రోజు, హిజియామా

పొద్దున ఒకొనొమియాకి. పెనం మీద పల్చటి అట్టు, దానిమీద కొండంత క్యాబేజీ, పంది మాంసం, నూడుల్స్, గుడ్డు. పెనం మీదే చిన్న ఇనప గరిటెతో కోసుకుని తినాలి. 1,100 యెన్లు. ప్లేటు అడిగితే ఇచ్చారు గానీ, చుట్టుపక్కల ఎవరూ ప్లేటు వాడటం లేదని చూసి వెనక్కిచ్చేశాను.

మధ్యాహ్నం తర్వాత హిజియామా కొండకి ఒక్కణ్నే వెళ్లాను. మావాడికి ఆఫీసు కాల్ ఉంది. బేస్‌బాల్ ఆటగాడు ఇసావో హరిమోతో కోసం. 1940లో ఇదే ఊళ్లో కొరియా ఇంట్లో పుట్టాడు. నాలుగేళ్లప్పుడు వెనక్కి వచ్చిన లారీ తగిలి చలిమంటలో పడ్డాడు. కుడిచేతి చిటికెన వేలూ ఉంగరం వేలూ అతుక్కుపోయాయి, బొటనవేలు వంగిపోయింది. కుడిచేతివాటం పిల్లాడు అప్పటినుంచి పురచేతివాడయ్యాడు. మరుసటి ఏడాది బాంబు. ఇల్లు కొండకి ఇవతల ఉండటంతో ఇతను బతికాడు, తల్లి మీద పడి కప్పుకుంది. అవతల పనికి వెళ్లిన అక్క బతకలేదు. ఆ చేత్తోనే 3,085 హిట్లు కొట్టాడు. జపాన్ లీగులో మూడువేలు దాటినవాడు మరొకడు లేడు. తను బాంబు బాధితుడినని చాలా ఏళ్లు నోరు విప్పలేదు. వివక్ష ఒకటి చాలదన్నట్టు రెండోది కూడా నెత్తికెత్తుకోవాలి కదా.

కొండ మీద నా కుడిచెయ్యి తీసి చిటికెన వేలూ ఉంగరం వేలూ కలిపి రుమాలుతో గట్టిగా కట్టుకున్నాను. దారిలో దొరికిన కర్ర పట్టుకుని ఎడమవైపు నిలబడి ఊపి చూశాను. పట్టు నిలవదు. బ్యాట్‌కి అడుగు పట్టు కుడిచేతిదే, ఎడమవాటంగా కొట్టేవాడికి. బలమంతా మొదలయ్యేది ఆ చిటికెన వేలు దగ్గరే. అది నా పిల్లలకి వందలసార్లు చెప్పిన మాట. నాలుగోసారి ఊపేసరికి కర్ర జారి పొదల్లో పడింది.

అయిదు దాటింది. సూర్యుడు పడమట, బాంబు పడ్డ వైపు దిగుతున్నాడు. తూర్పున దన్‌బారా పేటలో ఇళ్ల కప్పులు కనిపిస్తున్నాయి. కొండ నీడ మెల్లగా వాటి మీదికి జరుగుతోంది, ముందు దగ్గరి వరస, తర్వాత బట్టలు ఆరేసిన డాబాలు, తర్వాత ఒక స్కూల్ గ్రౌండ్. ఆ ఉదయం కొండ అడ్డుపడి కాపాడింది ఈ ఇళ్లనే. నీడ గ్రౌండ్ అవతలి గోడ దాకా వెళ్లేంతవరకూ చూశాను. మావాడు ఫోన్ చేసి "మామయ్యా, ఎక్కడున్నావ్?" అంటే, రుమాలు విప్పుకుంటూ "కొండకి ఇవతల వైపున్నానురా, వస్తున్నా" అన్నాను.